ఏడో డబ్బా మూత

పెద్ద వరదకు చెరువు కట్టలు తెగి, లింగంపల్లి రైలు వంతెన కింద మనిషి మునిగేంత నీళ్లు నిలిచిన ఏడు నుంచి లెక్కపెడితే అది ఐదో ఏడు. పెంటయ్యకు సంవత్సరాల అంకెలు నిలవవు. వరదకు ముందు, వరదకు తర్వాత అని పెట్టుకుంటే లెక్క తప్పదు. ఈమధ్య ఆ లెక్క కూడా రెండుసార్లు వేళ్ల మీద వేసుకోవలసి వస్తోంది.

సోమవారం పొద్దున ఏడింటికి కొత్తగూడ ఫ్లైఓవర్ కింద షేర్ ఆటో దిగి, అద్దాల మేడల వెనక సందులోకి నడిచాడు. అతను పనిచేసే చోటు మందులు పరీక్షించే కంపెనీ. బయటినుంచి చూస్తే అదీ కంప్యూటర్ల ఆఫీసులాగే ఉంటుంది. నాలుగో అంతస్తులో కిటికీలు లేని ఎలుకల గదులున్నాయని సందు మొదట్లో చాయ్ అమ్మేవాడికి కూడా తెలియదు.

చొక్కా విడిచి పచ్చ గౌను తొడిగాడు. టోపీ, మాస్కు. గ్లౌజులు వేసుకునే ముందు చొక్కా జేబులోంచి గోలీల పట్టీ తీసి రెండు పసుపు గోలీలు నోట్లో వేసుకున్నాడు. నోరు ఎండిపోయి ఉంది. గోలీలు నాలుక మీద అతుక్కున్నాయి. కొళాయి కింద దోసిలి పట్టి రెండుసార్లు తాగితే గానీ దిగలేదు.

ముసలి ఎలుకల గది అతనిది. ఇరవై నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కో దానిలో ఒక్కటి. పైన ఇనుప జాలీ మూత, మూతకు రెండు వైపులా క్లిప్పులు. పక్క గదిలో మూడు నెలల ఎలుకలకు పచ్చ కార్డులు. వీటికి పసుపు కార్డులు. పడుచు ఎలుకలు కావాలంటే ఫోను చేస్తే పెట్టెల్లో వస్తాయి. ముసలివి అట్లా రావు. చిన్నప్పుడు తెచ్చి రెండేళ్లు సాకాలి. ఈ ఇరవై నాలుగింటినీ పెంటయ్యే సాకాడు. తోకల మీద సిరాతో గీతలు కూడా అతనివే. పొడుగు గీత అయిదు, పొట్టి గీత ఒకటి. ఏడో నంబరు తోక మీద ఒక పొడుగు గీత, రెండు పొట్టి గీతలు. దానికి కళ్ల చుట్టూ ఎర్రటి జిగురు చేరుతుంది. పొద్దున్నే తడి దూదితో తుడిస్తే ముక్కు ఎత్తి నిలబడుతుంది.

నీళ్ల సీసాలు మార్చడం మొదలుపెట్టాడు. పాతది తీయాలి, కొత్తది బోర్లించాలి, గొట్టం చివర వేలితో తట్టాలి, చుక్క వేలికి తగిలితే తగిలించాలి. పన్నెండేళ్లుగా ఆ చేతులు ఆ పని చేస్తున్నాయి. మూడో వరుసలో ఆగిపోయాడు. చేతిలో సీసా ఉంది. నిండుగా ఉంది. ఇది పెట్టవలసిందా? తీసిందా? డబ్బా వైపు చూశాడు. సీసా లేదు. వెనక బండి మీద చూశాడు. పాతవీ కొత్తవీ కలిసి కనిపించాయి. కార్డు మీద అంకె చదవబోతే అలుక్కుపోయినట్టుంది. గదిలో ఎప్పుడూ ఇరవై రెండు డిగ్రీల చల్లదనమే. వీపున చెమట దిగింది.

"ఏంది పెద్దయ్యా, సీసతోని ముచ్చట వెట్టినవ్?" మేత బస్తా భుజాన వేసుకుని శేఖర్ వచ్చాడు. వికారాబాదు వైపు పిల్లవాడు, ఇరవై ఆరేళ్లుంటాయి. "తుమ్ములు బందైనయా?"

పెంటయ్య తల ఊపాడు.

"నేను చెప్పలే? నాకు పడ్డ గోలీ నీకు పడదా? పొద్దుగాల రెండు, మాపటికి రెండు. ఫికర్ జేయకు. అయినా ఆడీడ తుమ్మకు. కిష్టయ్య యాదికున్నడు గద."

కిష్టయ్య గుర్తున్నాడు. ఎలుకల వెంట్రుకలూ ఉచ్చా కొందరికి పడవు. ఏళ్ల తరబడి చేసినవాళ్లకు ముక్కు కారుతుంది, చేతులు దద్దుర్లెక్కుతాయి. అది బయటపడిందంటే ఎలుకల గదుల్లోకి రానివ్వరు. కిష్టయ్యకు బయట ఏదో పని చూస్తామన్నారు. చూడలేదు. నెల కిందట పెంటయ్య తుమ్ముతుంటే శేఖరే తన పట్టీ సగం చించి ఇచ్చాడు. పెంటయ్య ఉండే కాలనీలో ఎవరికి పడ్డ గోలీ పక్కవాళ్లకు ఇవ్వడం మామూలే. అయిపోతే అదే పట్టీ చూపించి మందుల దుకాణంలో కొనుక్కున్నాడు.

శేఖర్ వెళ్లాక పెంటయ్య మొదటి వరుస నుంచి ఇరవై నాలుగు సీసాలూ మళ్లీ తట్టి చూశాడు.

పదింటికి సౌజన్య మేడం తొట్టి గదికి పిలిచింది. ప్రొద్దుటూరు అమ్మాయి. చదువు పెద్దది, మాట చిన్నది. గుండ్రటి తొట్టిలో నీళ్లు పోసి పాలపొడి కలిపి తెల్లగా చేస్తారు. నీటి మట్టానికి కాస్త కింద ఒకచోట చిన్న మెట్టు ఉంటుంది, పైకి కనబడదు. ఎలుకను వదిలితే ఈది ఆ మెట్టు వెతుక్కోవాలి. నాలుగు రోజులు నేర్పితే ఏ ఎలుకైనా నేరుగా పోయి ఎక్కేస్తుంది. నేర్చుకున్నాక మందు సూది వేస్తారు. మందు పడ్డాక దారి గుర్తుందా లేదా చూస్తారు.

ముందు పచ్చ కార్డు ఎలుక. సూది పడి అరగంటయింది. నీళ్లలో దిగి కొంచెం తడబడి, గోడ వెంట సగం చుట్టు తిరిగి, మెట్టెక్కి ఒళ్లు దులుపుకుంది. సౌజన్య గడియారం నొక్కింది.

"ఇప్పుడు ఏడో నంబరు ఇయ్యి పెద్దాయనా."

ఏడో నంబరు గోడ వెంట ఈదింది. ఒక చుట్టు. రెండు. మెట్టు పక్కనుంచే పోయింది, ఆగలేదు. మూడో చుట్టుకు ముక్కు నీళ్లలో మునిగి లేచింది. గోడను కాళ్లతో గీరింది. పెంటయ్య తొట్టి అంచు పట్టుకున్నాడు.

"తీయనా మేడం?"

"ఇంకా పది సెకండ్లు."

తీసి తువ్వాలులో చుడితే దాని గుండె అతని అరచేతికి తగులుతోంది.

"నేర్పిన నాడు మంచిగ ఎక్కింది గద," అన్నాడు.

"బాగానే ఎక్కింది. మందుతో ఇట్లయింది."

"మందు ఒక్కటే గద రెండింటికి?"

"ఒక్కటే. తూకం చూసే వేస్తాము." ఆమె పుస్తకంలో రాసుకుంటూ తలెత్తింది. పెంటయ్య రోజుకు అన్ని మాటలు మాట్లాడడు.

ఆ సాయంత్రం వారానికోసారి జరిగే మార్పిడి. మురికి డబ్బాలోంచి ఎలుకను తోక మొదట పట్టి శుభ్రమైన డబ్బాలోకి మార్చడం, మూత పెట్టి క్లిప్పులు నొక్కడం పెంటయ్య పని. అతను మురికి డబ్బాలు బండిలో పెట్టి గుమ్మం దాకా నెడితే, మమత అక్కడినుంచి కడిగే గదికి తీసుకుపోతుంది. మమత జహీరాబాదు వైపు మనిషి. మొగుడు లేడు, ఇద్దరు ఆడపిల్లలు. లోపలికి వచ్చే గౌను ఆమెకు ఇవ్వలేదు.

లింగంపల్లిలో ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. రుక్కమ్మ గడప దగ్గర బియ్యం ఏరుతోంది.

"ఉప్పు తెచ్చినవా?"

పెంటయ్య చేతులు చూసుకున్నాడు. ఏమీ లేదు. ఉప్పు మాట పొద్దున అన్నదో లేదో కూడా తెలియలేదు.

"మొన్న ఆటో ఎక్కి హఫీజ్‌పేటల దిగినవ్. నిన్న లుంగీ తిర్లమర్ల గట్టుకుని దుకాణం బోయినవ్." ఆమె చేట కింద పెట్టింది. కోపం లేదు గొంతులో. అదే అతనికి బుగులు పుట్టించింది. "మీ నాయిన గిట్లనే మొదలువెట్టిండు."

నాయన్ను చివరి రెండేళ్లు నులకమంచానికి చీరపేలికతో కట్టేశారు. ముడి వేసింది పెంటయ్యే.

మంగళవారం పొద్దున ఏడో డబ్బా ఖాళీగా ఉంది. మూత ఒకవైపు క్లిప్పు పడి ఉంది, రెండోవైపు పైకి లేచి ఉంది. పొట్టు మీద పడుకున్న గుంట అట్లాగే ఉంది.

మధు సారు వచ్చాడు. ఎలుకల విభాగమంతా ఆయన చేతికింద. గుంటూరు మనిషి. అరవడు. అందరినీ గుమ్మం దగ్గర నిలబెట్టాడు. "ఇది మామూలు ఎలుక కాదండీ. రెండేళ్లది. ఈ మందు గుంపులో ఉన్నవే పన్నెండు, ఒకటి పోతే ఆ గుంపు లెక్క నిలవదు. మళ్లీ రెండేళ్లు ఎవడిస్తాడు? నిన్న చివర ఎవరున్నారు?"

మూతల పుస్తకంలో సోమవారం సాయంత్రం గడిలో పెంటయ్య సంతకముంది. మూతలన్నీ సరి అని టిక్కు కూడా ఉంది. మధు అది చూశాడు. చూసి పుస్తకం మూశాడు.

"పెంటయ్య గారి చేతిలో పన్నెండేళ్లలో ఒక్క మూత ఊడలేదు." తర్వాత మమత వైపు తిరిగాడు. "నువ్వు లోపలికెళ్లావా?"

"లేదు సార్. నేను గుమ్మం దాటలే. బండి దీస్కపోయిన, అంతే."

"బండి లాగినప్పుడు డబ్బాల అరకు తగిలుంటుంది."

"తగల్లే సార్. పెద్దయ్యా, నువ్వన్న చెప్పు. నేను లోపటికొచ్చిన్నా?"

పెంటయ్య వెతుక్కున్నాడు. ఆరో డబ్బా మూత గుర్తుంది. ఎడమ క్లిప్పు, కుడి క్లిప్పు, టిక్కు టిక్కుమన్న చప్పుడు. ఎనిమిదోది గుర్తుంది. రెంటి మధ్య ఏమీ లేదు. గోడకు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. చెప్పాలంటే ఆ తెల్లదనం గురించి చెప్పాలి. ఆ మాట అన్నాక ఎవరూ ఆగరు. గోలీలు, తుమ్ములు, హఫీజ్‌పేట, నాయన. నాలుక అంగిట్లో అతుక్కుంది.

అతను ఎప్పుడూ మాట్లాడని మనిషే కాబట్టి, మాట్లాడకపోవడం ఎవరికీ కొత్తగా అనిపించలేదు.

"శుక్రవారం పెద్దసారు వస్తారు. అప్పటిదాకా నువ్వు రాకు," అన్నాడు మధు. "కార్డు ఇచ్చి వెళ్లు."

మమత మెడలోని కార్డు తాడు తలమీంచి తీసింది. కొప్పుకు చిక్కుకుంటే శేఖర్ విడదీశాడు.

బుధవారం మధ్యాహ్నం ఏడో నంబరును పెంటయ్యే పట్టుకున్నాడు. డబ్బాలు ఉడికించే యంత్రం వెనక, వెచ్చగా ఉన్న మూలలో, చిరిగిన మేత సంచిలో దూరి ఉంది. మోకాళ్ల మీద వంగి చెయ్యి చాపితే పారిపోలేదు. మణికట్టు మీదికి ఎక్కి కూర్చుంది.

"ఇంక లెక్కలోకి రాదు ఇది," అంది సౌజన్య. లెక్కలోకి రాని ఎలుకను గాజు పెట్టెలో పెట్టి గ్యాసు వదులుతారు. పెంటయ్య దాన్ని గౌనుకు ఆనించి పట్టుకుని కదలలేదు. ఆమె కాసేపు చూసింది. "సరే, ఉండనీ. సూది పడక రెండు రోజులాయ. రేపు ఊరికే ఒకసారి ఈదిస్తా."

సాయంత్రం ఫ్లైఓవర్ కింద మమత నిలబడి ఉంది. ఆటోల కోసం కాదు.

"నేను బతిమిలాడుకోనికి రాలే పెద్దయ్యా. ఒక్కటే అడుగుత. క్లిప్పు నువ్వు వెట్టినవా?"

"యాదికి లేదు."

"నీకు యాదికి లేదా?" ఆమె నవ్వింది. ఆ నవ్వు చూడలేక పెంటయ్య రోడ్డు వైపు తిరిగాడు. "ఏ ఎలుక ఏ దినం వచ్చిందో అడగంగనే చెప్తవు. నా చిన్నదానికి ఎప్పుడు జొరమొచ్చిందో నాకంటే నీకెక్కువ యాది. మొన్నటి మూత యాదికి లేదు! ఎలుకల్ని ఇడిచిందంటే నన్నెవరు పనిల వెట్టుకుంటరు? ఏ ఆఫీసుల అడిగినా ఈడికే ఫోన్ జేస్తరు." గొంతు దించింది. "నువ్వు మంచోనివని అందరంటరు. నేను గూడ గదే అనుకున్న."

ఆటో వచ్చింది. ఎక్కాడు. లింగంపల్లి, లింగంపల్లి అని దారంతా లోపల అనుకుంటూ పోయాడు, మరిచిపోకుండా.

గురువారం తొట్టిలో తెల్లనీళ్లు. ఏడో నంబరును నీళ్లకు ఆనించి వదిలాడు. అది గోడ వైపు పోలేదు. ఒక్కసారి తల తిప్పి చూసి, తొట్టి మధ్యగా నేరుగా ఈది, మెట్టు ఎక్కి, ముందుకాళ్లతో ముఖం తుడుచుకుంది.

సౌజన్య గడియారం నొక్కడం మరిచిపోయింది. "చూసినావా పెద్దాయనా? దారి ఎక్కడికీ పోలేదు. లోపలే ఉండాది."

పెంటయ్య దాన్ని తీయలేదు. తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "మల్ల మొన్నేమైంది దీనికి?"

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలు చూసుంటావు కదా. మెదడులో అట్ల సీట్లుంటాయి అనుకో. జ్ఞాపకం నడిపే సరుకు ఒకటి మెదడులోనే ఊరుతుంది. అది వచ్చి ఆ సీట్లలో కూర్చుంటేనే పని నడిచేది. మేము వేసే మందు ముందుగా పోయి ఆ సీట్లు ఆక్రమిస్తుంది. పడుచుదానికి పెట్టెలు ఎక్కువ. కొన్ని సీట్లు పోయినా కొన్ని మిగులుతాయి. వయసైతే పెట్టెలు తగ్గుతాయి, కూర్చోవలసిందీ తగ్గుతుంది. అదే మందు, అదే తూకం. అయినా బండి నిండిపోతుంది. పైగా ఎక్కిన మందు తొందరగా దిగదు, ఒళ్లు దాన్ని బయటికి పంపలేదు."

"ఆపితె దిగుతదా?"

"చూస్తివి కదా."

పెంటయ్య ఎలుక వైపే చూస్తున్నాడు. "మనుషులకు గూడ?"

"మనుషులకూ అంతే. దానికోసమే ఇదంతా. ఇట్ల సీట్లు పట్టే మందులు మామూలు అంగళ్లలోనే దొరుకుతాయి. నిద్రకని, దురదకని, తుమ్ములకని. పడుచోళ్లకు నోరు ఎండి కొంచెం మత్తొస్తుంది, అంతే. ముసలోళ్లకు కండ్లు మసకలు, ఒంటికి రాదు, మతి తప్పుతుంది. ఇంట్లోవాళ్లు వయసు అనుకుంటారు." ఆగింది. "ఏం పెద్దాయనా, నువ్వేమన్నా మింగుతున్నావా?"

"లేదు మేడం," అన్నాడు వెంటనే.

బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చుని జేబులోంచి పట్టీ తీశాడు. ఇంగ్లీషు అక్షరాలు. అతనికి మూడో తరగతి తెలుగే వచ్చు. పక్కన శేఖర్ బూట్లు విప్పుతున్నాడు. సన్నగా ఈల వేస్తున్నాడు.

"శేఖరూ. నీకు నోరెండుతదా ఇది మింగితె?"

"జర ఎండుతది. నీళ్లు తాగుత. ఏమైంది, పడ్తలేదా?"

పచ్చ కార్డు, పసుపు కార్డు. పెంటయ్య పట్టీని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఒక్క క్షణం ఒళ్లంతా తేలికయింది. నాయన కాదు. మంచం కాదు. ముడి కాదు. లేచి నిలబడబోయి మళ్లీ కూర్చున్నాడు. నెల రోజులుగా తనను పట్టుకున్న బుగులు సగం దిగేసరికి, దాని వెనక ఇంకోటి కూర్చుని ఉంది. మూత సంగతి గోలీ మీద వేయొచ్చు. మంగళవారం గుమ్మం దగ్గర మాట్లాడకపోవడం గోలీ చేసింది కాదు. ఏడో డబ్బా క్లిప్పు మరిచి ఉండొచ్చు, ఉప్పు మరిచి ఉండొచ్చు. మమత తాడు తీయడం, అది కొప్పుకు చిక్కుకోవడం, ఆమె తన ముఖంలోకి చూడడం ఒక్కటీ మరవలేదు.

ఆ సాయంత్రం ఉప్పు కొనుక్కుని ఇంటికి పోయాడు. అన్నం తిన్నాక రుక్కమ్మ అలవాటుగా చెంబుతో నీళ్లు పెట్టింది, గోలీలకని. నీళ్లు తాగాడు. గోలీలు వేసుకోలేదు. ఒకవేళ ఆపినా తల తేటపడకపోతే? ఆ మాట లోపల తిరుగుతూనే ఉంది. ఎలుక ఎలుకే. తను తనే. నాయన ఏ గోలీ మింగలేదు.

తెల్లవారి లేవగానే తుమ్మాడు. వరసగా ఏడు తుమ్ములు. చేతుల మీద దద్దుర్లు లేచాయి. తల ఇంకా బరువుగానే ఉంది. రుక్కమ్మ పట్టీ తెచ్చి చేతిలో పెడితే, తీసుకుని చూరులో దోపాడు.

ఆటో ఎక్కలేదు. ముందు పాపిరెడ్డి కాలనీ వైపు నడిచాడు. మమత గుమ్మంలో చిన్నదానికి జడ వేస్తోంది. అతన్ని చూసి లేవలేదు.

"చెప్పులేస్కో," అన్నాడు. "డూటీకి పోదాం."

"సారు రావొద్దన్నడు గద."

"నేనున్న."

ఆమె అతని ముఖాన్ని చూసింది. ముక్కు కారుతోంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. జడకు రిబ్బను బిగించి, లేచి, పక్కింటామెను కేకేసింది.

ఇద్దరూ షేర్ ఆటో ఎక్కారు. పెంటయ్య ఒక్కో స్టాపు లోపల లెక్కపెట్టుకున్నాడు. కొత్తగూడ దగ్గర దిగవలసిన చోటే దిగాడు.

గౌను వేసుకోలేదు. చొక్కాతోనే మధు సారు బల్ల ముందు నిలబడ్డాడు. పెద్దసారు ఇంకా రాలేదు. మూతల పుస్తకం బల్ల మీదే ఉంది. ముందుకు లాక్కుని, సోమవారం సాయంత్రం గడి వెతికాడు. జేబులోంచి తోకలు గీసే సిరా కలం తీసి, తను పెట్టిన టిక్కును కొట్టేశాడు. ఆ పుస్తకంలో టిక్కులూ సంతకాలూ తప్ప మాటలు ఎవరూ రాయరు. అతను వంగి, ఒక్కో అక్షరం విడిగా, పెద్దగా రాశాడు. ఏడో డబ్బా మూత పెట్టంది నేను. మమత లోపలికి రాలేదు. పెంటయ్య.

మధు చదివాడు. రెండోసారి చదివాడు. "ఇదేంటండీ పెంటయ్య గారూ? మంగళవారం ఎందుకు చెప్పలేదు?"

పెంటయ్య నోరు తెరిచాడు. తుమ్మొచ్చింది. ఎప్పటిలాగా మోచేతిలో దాచుకోలేదు.

"జలుబు చేసిందా?"

"కాదు సార్," అన్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, దద్దుర్లు కనబడేటట్టు రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. "ఎలుకలు పడ్తలేవు. ముందు ఆమె కార్డు ఆమెకియ్యిండ్రి. మల్ల నా సంగతి చెప్త."